కెమెరా గొట్టంతో కడుపులో గడ్డ తీయించుకోవడం: రోగి, ఇంటివారు చేయవలసిన పనులు

“ఎండోస్కోపీలో గడ్డ కనబడింది. పొట్ట కోయకుండా గొట్టంతోనే తీసేయవచ్చని డాక్టరుగారు అన్నారు. ఇప్పుడు మేమేం చేయాలి?” అని కావలి నుంచి, కందుకూరు నుంచి, ఆత్మకూరు, పొదిలి వైపుల నుంచి అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెబుతూ వచ్చిన సంగతులనే వరుసలో పెట్టి ఇక్కడ రాస్తున్నాను. గడ్డను తీయడం వైద్యుని పని. దానికి ముందు రోజుల్లోనూ తరువాతి వారాల్లోనూ జరగవలసిన పని మాత్రం చాలావరకు రోగి చేతిలోనూ, ఇంటివారి చేతిలోనూ ఉంటుంది. నేను చూసినంతలో వ్యవహారం చెడేది కూడా ఎక్కువగా అక్కడే. ఇది మీ వైద్యుని సలహాకు బదులుగా వాడుకోవలసినది కాదు. ఆయనను ఏమేమి అడగాలో, ఆయన చెప్పినదాన్ని ఇంట్లో ఎలా అమలు చేయాలో తెలుసుకోవడానికి పనికివస్తే చాలు.

ముందుగా తెలియవలసినంత వరకు

అన్నవాహిక మొదలుకొని మలాశయం దాకా లోపలి గోడ పొరలు పొరలుగా ఉంటుంది. గడ్డ పైపొరకే పరిమితమై ఉన్నప్పుడు, ఆ పొర వరకు గొట్టం లోపలి నుంచే తీసివేయవచ్చు. పొట్ట మీద గాటు ఉండదు, పేగు ముక్కను కోసి తీయడం ఉండదు. తొడిమ ఉన్న పాలిప్‌కు, అంటే లోపలి గోడ నుంచి పొడుచుకొచ్చిన గడ్డకు, తీగ ఉచ్చు తగిలించి కరెంటుతో కోస్తారు. పెద్దపేగులో ఈ పనిని న్యూయార్కులో హిరోమి షిన్యా, విలియం వుల్ఫ్ 1969లో మొదలుపెట్టారు. చదునుగా పరచుకున్న గడ్డ అయితే దాని కిందికి నీలం రంగు కలిపిన సెలైన్ ఎక్కించి, పొరను ఉబ్బించి, ఆ తరువాత ఉచ్చు వేస్తారు. దీనినే ఈఎంఆర్ అంటారు. 1990ల చివర జపాన్‌లో రూపుదిద్దుకున్న ఈఎస్‌డీలో గడ్డ చుట్టూ గీత గీసి, అడుగు పొరను సన్నని కరెంటు కత్తితో కొద్దికొద్దిగా విడదీసి, మొత్తాన్నీ ఒకే ముక్కగా తీస్తారు. ఇందుకు గంట పట్టవచ్చు, నాలుగైదు గంటలూ పట్టవచ్చు.

గడ్డ 20 మి.మీ. లోపు ఉంటే ఈఎంఆర్‌లో కూడా ఒకే ముక్కగా వచ్చే అవకాశం ఎక్కువ. అంతకు మించితే సాధారణంగా ముక్కలు ముక్కలుగా తీయవలసి వస్తుంది. ఒకే ముక్కా, పలు ముక్కలా అన్న సంగతి తరువాతి రిపోర్టునూ, మళ్ళీ పరీక్ష తేదీనీ కూడా మార్చివేస్తుంది కనుక దీనిని గుర్తుంచుకోండి.

క్యాన్సర్ లోతుకు దిగినప్పుడు, లింఫు గ్రంథులకు పాకిందన్న అనుమానం ఉన్నప్పుడు ఈ పద్ధతి సరిపోదు. గోడ కండరపు పొరలోంచి పుట్టే జిస్ట్ వంటి గడ్డల లెక్క కూడా వేరు. చిన్నవాటిని ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌తో (గొట్టం చివరి నుంచి చేసే స్కాన్‌తో) కనిపెట్టుకుంటూ ఉండటమే చాలాసార్లు సరిపోతుంది, తీయవలసి వస్తే అందుకు ప్రత్యేక నైపుణ్యం కావాలి.

సిద్ధం చేసుకోవలసినవి

- మొదటి ఎండోస్కోపీ లేదా కొలనోస్కోపీ రిపోర్టు, రంగు ఫొటోలతో సహా. వీడియో ఇస్తే పెన్‌డ్రైవ్‌లో తీసుకోండి. నలుపు తెలుపు జిరాక్సులో గడ్డ ఉపరితలం ఏమాత్రం తెలియదు.
- మొదటి ముక్క పరీక్ష (బయాప్సీ) రిపోర్టు, వీలైతే దాని స్లైడ్లు, ముక్కను భద్రపరచిన మైనపు బ్లాకు.
- ప్రస్తుతం వేసుకుంటున్న అన్ని మాత్రల అట్టలు, ఆయుర్వేదం, నాటు మందులతో సహా.
- హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు, పీటీ-ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు), క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు), షుగర్, రక్తం గ్రూపు, ఈసీజీ. గుండె జబ్బు ఉన్నవారికి ఎకో కూడా.
- సీటీ స్కాన్ తీసి ఉంటే రిపోర్టు ఒక్కటే కాదు, దాని సీడీ కూడా.
- ఆధార్, రేషన్ కార్డు, బీమా ఉంటే ఆ కాగితాలు.
- రాత్రికి ఆసుపత్రిలో ఉండగలిగే తోడు మనిషి.

1. ఒప్పుకునే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి

గడ్డ ఎంత ఉంది, ఏ పద్ధతిలో తీస్తారు, ఒకే ముక్కగా వస్తుందా, మధ్యలో రంధ్రం పడితే ఎవరు చూస్తారు? ఈ నాలుగింటికీ సూటిగా జవాబు రావాలి. రంధ్రం పడటం అరుదే గానీ అసాధ్యం కాదు. చాలావాటిని అక్కడికక్కడే క్లిప్పులతో మూసివేస్తారు. మూతపడనివాటికి సర్జన్ అదే భవనంలో అందుబాటులో ఉండటం అవసరం. చిన్నపేగు మొదటి భాగంలోని గడ్డ అయితే గోడ పలచగా ఉండి రక్తస్రావం, రంధ్రం రెండింటి భయమూ ఎక్కువ కాబట్టి ఈ ప్రశ్నను ఇంకొంచెం గట్టిగా అడగండి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. వేరే ఊరికి పంపవలసి వస్తుందని ముందే తెలిసిన చదునైన గడ్డ నుంచి మళ్ళీ మళ్ళీ ముక్కలు తీయించవద్దు. ప్రతి ముక్క తీసిన చోటా మచ్చ కట్టి, పై పొర అడుగు పొరకు అతుక్కుపోతుంది. ఆ తరువాత ఎంత సెలైన్ ఎక్కించినా అక్కడ పొర లేవదు. పెద్దపేగులో గుర్తు కోసం వేసే నల్ల సిరా పచ్చబొట్టు విషయంలోనూ అంతే. దాన్ని గడ్డకు మూడు నాలుగు సెంటీమీటర్ల దూరంలో వేయాలి గానీ గడ్డ కింద వేయకూడదు. “ఇది పెద్ద ఆసుపత్రికి పంపేదే అయితే ఫొటోలు ఎక్కువ తీయండి, ముక్కలు తక్కువ తీయండి” అని మర్యాదగా అడగడంలో తప్పేమీ లేదు.

మలాశయంలో నున్నగా, పసుపుపచ్చగా కనిపించే 10 మి.మీ. లోపు చిన్న గడ్డ దొరికితే కూడా తొందరపడకండి. అది న్యూరోఎండోక్రైన్ గడ్డ (హార్మోన్లు తయారుచేసే కణాల నుంచి పుట్టే రకం) అయితే అడుగు పొరలో కూర్చుని ఉంటుంది. మామూలు పాలిప్ అనుకుని ఉచ్చు వేసి లాగితే పైభాగం వచ్చి అడుగు మిగిలిపోతుంది. దానికి గొట్టం చివర టోపీ లేదా బ్యాండు తగిలించి తీసే పద్ధతి, లేదంటే ఈఎస్‌డీ అవసరమవుతుంది.

2. ఎక్కడ చేయించుకోవాలో తేల్చుకోండి

మామూలు పాలిప్‌లు తీయించుకోవడానికి నెల్లూరు, ఒంగోలు దాటనవసరం లేదు. ఈఎస్‌డీ మాత్రం జిల్లా కేంద్రాల్లో అంత సులువుగా దొరికేది కాదు. అందుకోసం మనవైపు వారు చెన్నై, వేలూరు, హైదరాబాదు వెళుతూ ఉంటారు. తిరుపతిలోని స్విమ్స్ ఆసుపత్రిలోనూ గ్యాస్ట్రో విభాగం ఉంది. పెద్ద పేరున్న ఆసుపత్రి అయినంత మాత్రాన మీకు కావలసిన వైద్యుడు మీరు వెళ్ళిన రోజున ఉంటారని లేదు. బయలుదేరే ముందు ఫోన్ చేసి, “ఈఎస్‌డీ చేసే వైద్యులు ఎవరు, ఏ వారాల్లో చేస్తారు, మొదటి రోజే చేస్తారా, పరీక్షకు ఒకసారి, చికిత్సకు ఒకసారి రావాలా” అని అడిగి రాసుకోండి.

దూరం విషయంలో నా అభిప్రాయం కొంత వేరు. మంచి చేయి కోసం దూరం వెళ్ళడం సబబే. కానీ చికిత్స అయిన మరునాడే పినాకిని రైలెక్కి ఇంటికి వచ్చేయడం సబబు కాదు. నెల్లూరు నుంచి చెన్నై దాదాపు 175 కిలోమీటర్లు. ఈఎస్‌డీ అయినవారు డిశ్చార్జి తరువాత కనీసం రెండు రాత్రులు ఆ ఊళ్ళోనే లాడ్జిలోనో బంధువుల ఇంట్లోనో ఉండేలా ముందే ఏర్పాటు చేసుకోవాలి. రంధ్రం తాలూకు లక్షణాలు ఎక్కువగా మొదటి ఒకటి రెండు రోజుల్లోనే బయటపడతాయి.

3. ఖర్చు సంగతి ముందే మాట్లాడండి

డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉన్నవారు, ఈ చికిత్స పథకం జాబితాలో ఏ పేరుతో ఉందో, మీరు వెళ్ళే ఆసుపత్రిలో ఆ విభాగానికి అనుమతి ఉందో లేదో ఆసుపత్రిలోని పథకం కౌంటరులో గానీ, 104కు ఫోన్ చేసి గానీ తెలుసుకోవాలి. చేయించుకున్న తరువాత అడిగితే ఉపయోగం ఉండదు. ప్రైవేటు బీమా ఉన్నవారు డే కేర్ చికిత్సగా ఒప్పుకుంటారా, ఇరవైనాలుగు గంటల అడ్మిషన్ అడుగుతారా అన్నది ముందే రాతపూర్వకంగా తీసుకోండి. కత్తి, క్లిప్పులు, ముక్క పరీక్ష ప్యాకేజీలో ఉన్నాయా, విడిగా బిల్లు వేస్తారా అని కూడా అడగండి. చెప్పిన మొత్తానికీ చివరి బిల్లుకూ తేడా సాధారణంగా ఇక్కడే వస్తుంది.

4. మాత్రల లెక్క సరిచూసుకోండి

ఇది తప్పు జరగడానికి ఎక్కువ వీలున్న చోటు. రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటూ గడ్డ తీయించుకుంటే రక్తస్రావం భయం ఉంటుంది. గుండెలో స్టెంటు ఉన్న మనిషి ఆ మాత్రలను సొంతంగా ఆపితే గుండెపోటు భయం ఉంటుంది. రెండోది మొదటిదానికంటే ప్రమాదకరం. కాబట్టి ఆపాలా వద్దా, ఎన్ని రోజుల ముందు ఆపాలి, ఎప్పుడు మళ్ళీ మొదలుపెట్టాలి అన్న మూడింటినీ గుండె డాక్టరు, గ్యాస్ట్రో డాక్టరు కలిసి నిర్ణయించి చీటీ మీద రాసి ఇవ్వాలి. సాధారణంగా క్లోపిడోగ్రెల్‌ను అయిదు నుంచి ఏడు రోజులు, వార్ఫరిన్ రకాలను అయిదు రోజులు, రక్తం పలచబరిచే కొత్త రకం మాత్రలను రెండు మూడు రోజుల ముందు ఆపిస్తారు. ఎకోస్ప్రిన్ వంటి ఆస్పిరిన్‌ను చాలామందిలో కొనసాగిస్తారు, పెద్ద ఈఎస్‌డీకి మాత్రం ఒక్కోసారి ఆపమంటారు. స్టెంటు వేసి ఏడాది దాటనివారిలో, తొందర లేని గడ్డ అయితే చికిత్సనే వాయిదా వేయడం మంచిదేమో అడగండి.

చాలామంది “నేను రక్తం పలచబడే మందు వాడటం లేదు” అని చెబుతారు. అట్ట తెప్పించి చూస్తే కొలెస్టరాల్ మాత్ర అనుకుంటున్న క్యాప్సూల్‌లోనే అటోర్వాస్టాటిన్‌తో పాటు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ ఉంటాయి. సిద్ధం చేసుకోవలసినవాటిలో అట్టలు తీసుకెళ్ళమన్నది ఇందుకే. పేర్లు నోటితో చెప్పవద్దు, అట్టలు బల్ల మీద పెట్టండి.

షుగర్ ఉన్నవారు పస్తు ఉండే పూట మాత్ర, ఇన్సులిన్ మోతాదు ఎంతో అడిగి రాయించుకోవాలి. డపాగ్లిఫ్లోజిన్ వంటి షుగర్ మాత్రలను సాధారణంగా మూడు రోజుల ముందే ఆపమంటారు. వారానికి ఒకసారి వేసుకునే షుగర్, బరువు ఇంజెక్షన్లు వాడుతుంటే మత్తు డాక్టరుకు తప్పక చెప్పండి, వాటివల్ల కడుపులో ఆహారం ఎక్కువసేపు నిలిచి ఉంటుంది. ఐరన్ మాత్రలు పెద్దపేగు గోడను నల్లగా పూసినట్టు చేస్తాయి కనుక కొలనోస్కోపీకి వారం ముందు మానేయాలి. బీపీ మాత్ర మాత్రం చాలావరకు ఉదయం ఒక గుక్క నీళ్ళతో వేసుకోవచ్చు. మూత్రం ఎక్కువ పోయే రకం అయితే అడిగి వేసుకోండి.

5. పెద్దపేగు గడ్డ అయితే మూడు రోజుల ముందు నుంచి తిండి మార్చండి

జీర్ణాశయం, అన్నవాహిక గడ్డలకు ఈ మెట్టూ, తరువాతి మెట్టూ అవసరం లేదు. ముందు రోజు రాత్రి తేలికగా తిని, ఆసుపత్రి చెప్పిన వేళ నుంచి పస్తు ఉంటే సరిపోతుంది.

పెద్దపేగుకు మాత్రం పీచు, గింజలు, తొక్కలు మానాలి. గోంగూర, తోటకూర, మునగకాయ, వంకాయ, టమాటా, జామ, దానిమ్మ, వేరుశనగ, నువ్వుల పొడి, రాగి సంగటి, కొర్రలు, దంపుడు బియ్యం వద్దు. తెల్లన్నం, ఇడ్లీ, పెరుగన్నం, మజ్జిగ, గుడ్డు తెల్లసొన, మైదా బ్రెడ్డు తినవచ్చు. చేప మాంసంలో పీచు లేదు కాబట్టి చేపా తినవచ్చు. అయితే నెల్లూరు పులుసులోని మామిడికాయ ముక్కలు, మిరప గింజలు, గుజ్జు మాత్రం పేగులో మిగిలిపోతాయి. ఈ మూడు రోజులకు చేపను ఉడికించో, కొద్ది నూనెలో వేయించో పెట్టండి. మిరపకాయ గింజ ఒక్కటి గొట్టం నోటికి అడ్డం పడితే పేగులోని నీళ్ళు పీల్చడం ఆగిపోతుంది. చిన్న సంగతే గానీ పని మధ్యలో విసుగు పుట్టిస్తుంది.

6. పేగు శుభ్రం చేసుకోవడం

ముందు రోజు మధ్యాహ్నం నుంచి తేట ద్రవాలే తీసుకోవాలి. కొబ్బరి నీళ్ళు, వడగట్టిన చారు, పాలు లేని టీ, తేట నిమ్మరసం సరిపోతాయి. ఎరుపు, ఊదా రంగు పానీయాలు లోపల రక్తంలా కనిపిస్తాయి కాబట్టి వద్దు.

పేగు కడిగే విరేచనాల మందైన పెగ్ పొడిని ప్యాకెట్ మీద రాసినంత నీటిలోనే కలపండి. తక్కువ నీటిలో కలిపి ఒకేసారి తాగేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు, అది పనిచేయదు, పైగా వాంతి తెప్పిస్తుంది. సగం ముందు రోజు సాయంత్రం, మిగతా సగం పరీక్షకు నాలుగు నుంచి ఆరు గంటల ముందు మొదలుపెట్టి, కనీసం రెండు గంటల ముందు ముగించాలి. పావు లీటరు చొప్పున పదిహేను నిమిషాలకొకసారి, చల్లబరచి తాగండి. వికారంగా ఉంటే అరగంట ఆగి, తిరిగి నెమ్మదిగా మొదలుపెట్టండి గానీ మానివేయవద్దు. పాలు, పంచదార కలపవద్దు. మూత్రపిండాల జబ్బు, గుండె బలహీనత ఉన్నవారు మందుల షాపులో దొరికిన విరేచనాల మందు ఏదో ఒకటి కొనుక్కోవద్దు. ఫాస్ఫేటు కలిసినవి మూత్రపిండాలకు హాని చేస్తాయి. మే నెల ఎండల్లో అయితే ఈ రోజంతా నీడపట్టునే ఉండి, మందుతో పాటు తేట ద్రవాలు అదనంగా తాగాలి.

మనవైపు ఎదురయ్యే అసలు చిక్కు ప్రయాణం. రెండో సగం తెల్లవారుజామున ఇంట్లో తాగి, ఉదయగిరి నుంచో కనిగిరి నుంచో బస్సెక్కడం కుదిరే పని కాదు. అందువల్ల చాలామంది రెండో సగాన్ని వదిలేస్తారు, లేదా మొత్తం ముందు రాత్రే తాగేస్తారు. అలా చేస్తే పేగు కుడివైపు భాగంలో పసరు కలిసిన మడ్డి పేరుకుని, చదునైన గడ్డ అంచులు కనబడవు. ముందు రోజు మధ్యాహ్నానికే ఆసుపత్రి దగ్గరికి చేరి, బాత్‌రూమ్ గదిలోనే ఉన్న లాడ్జి తీసుకోవడం మేలు. అంత ఖర్చు పెట్టలేనివారు ముందు రోజే అడ్మిట్ చేసుకోమని అడగవచ్చు, లేదా మధ్యాహ్నం వేళ స్లాటు కోరవచ్చు. మధ్యాహ్నం స్లాటు దొరికితే రెండో సగం ఉదయం ఆరు, ఏడు మధ్య తాగవచ్చు.

శుభ్రమైందో లేదో మీరే చూసి చెప్పవచ్చు. చివరి విరేచనం మూత్రంలా లేత పసుపు రంగులో, తేటగా, మరుగుదొడ్డి అడుగు కనిపించేలా ఉంటే సరిపోయినట్టు. గోధుమ రంగు, నలకలు, మడ్డి ఉంటే సరిపోలేదు. ఆ సంగతి దాచకుండా నర్సుకు చెప్పండి. ఇంకొంత మందు తాగించి రెండు గంటలు ఆలస్యం చేస్తారు, అంతే. చెప్పకపోతే సగంలో ఆపి మరో రోజు రమ్మనవలసి వస్తుంది.

7. చేసే రోజు

కట్టుడు పళ్ళు, నగలు, గోళ్ళ రంగు తీసివేయండి. అంగీకార పత్రం చదివి సంతకం చేయండి, అందులో అవసరమైతే సర్జరీ చేయడానికి అనుమతి కూడా ఉంటుంది. లోపల గాలి బదులు కార్బన్ డయాక్సైడ్ వాడతారా అని అడగవచ్చు. అది ఒంట్లో త్వరగా పీల్చుకుపోతుంది కనుక తరువాత ఉబ్బరం, నొప్పి తక్కువగా ఉంటాయి. పైభాగంలో పెద్ద ఈఎస్‌డీకి పూర్తి మత్తు ఇచ్చి ఊపిరి గొట్టం వేస్తారు. మత్తు తీసుకున్న రోజున బండి నడపడం, కాగితాల మీద సంతకాలు చేయడం వద్దు.

8. ముక్క ఉన్న సీసాను మీ చేతిలో పెడితే

పెద్ద ఆసుపత్రుల్లో ముక్క నేరుగా ల్యాబుకు వెళుతుంది. మన పట్టణాల్లో మాత్రం చాలాచోట్ల చిన్న సీసాలో వేసి తోడువారి చేతికిచ్చి ఫలానా ల్యాబులో ఇవ్వమంటారు. ఆ సీసా విలువ మీ చేతిలోని మిగతా కాగితాలన్నింటి కంటే ఎక్కువ. ఇంతవరకు జరిగినదంతా సరిపోయిందా లేదా అని చెప్పగలిగేది అదొక్కటే.

తీసుకునేటప్పుడు నాలుగు చూడండి. సీసా మీద పేరు, వయసు, తేదీ, ఏ భాగం అన్నది రాసి ఉండాలి, మూత మీద కాదు. ముక్క ఫార్మలిన్‌లో (చెడకుండా ఉంచే ద్రవంలో) మునిగి, చుట్టూ ధారాళంగా ద్రవం ఉండాలి, ముక్క పరిమాణానికి పదింతలు ఉంటే మంచిది. రెండు మూడు గడ్డలు తీస్తే వేరువేరు సీసాలు, వాటి మీద అంకెలు ఉండాలి. ఈఎస్‌డీ ముక్క అయితే దాన్ని థర్మోకోల్ మీదో కార్కు మీదో పరిచి, చుట్టూ గుండుసూదులు గుచ్చి ఫార్మలిన్‌లో ముంచి ఉంటారు. ఆ సూదులు పీకవద్దు. పరచకుండా వేసిన ముక్క ఫార్మలిన్‌లో ముడుచుకుపోతుంది, అప్పుడు అంచు ఎక్కడో, అడుగు ఎక్కడో ల్యాబు వారికి తెలియదు.

సీసాను ఫ్రిజ్‌లో, డీప్ ఫ్రీజర్‌లో పెట్టవద్దు. ద్రవం ఒలికిపోతే నీళ్ళో స్పిరిటో పోసి నింపవద్దు, తిరిగి ఎండోస్కోపీ గదికి వెళ్ళి ఫార్మలిన్ పోయించుకోండి. ఘాటుగా ఉంటుంది కాబట్టి పిల్లలకు అందనివ్వవద్దు. అదే రోజు ల్యాబులో ఇచ్చి, రసీదు నంబరును ఫోన్‌తో ఫొటో తీసుకోండి.

9. మొదటి రెండు వారాలు

చికిత్స అయిన రోజు ద్రవాలు, మరునాటి నుంచి గంజి, మెత్తని అన్నం, పెరుగు, ఇడ్లీ. కారం, పచ్చళ్ళు, వేపుళ్ళు కనీసం వారం వద్దు. నాలుగో రోజున “బాగానే ఉంది కదా” అని బిరియానీ తినేవారు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. బయటికి నొప్పి తెలియకపోయినా లోపల పుండు పచ్చిగానే ఉంటుంది. జీర్ణాశయంలో ఈఎస్‌డీ అయినవారికి యాసిడ్ తగ్గించే మాత్రను సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది వారాలు ఇస్తారు, దాన్ని తిండికి అరగంట ముందు వేసుకోవాలి. బరువులెత్తడం, ఇంటికి చేరాక మళ్ళీ దూర ప్రయాణం, మద్యం రెండు వారాలు మానండి. బీడీ, చుట్ట, పొగాకు నమలడం పూర్తిగా మానాలి. పొగాకు పండే ప్రాంతంలో ఈ మాట చెప్పడం కష్టమే గానీ, పొగ తాగేవారిలో పుండు ఆలస్యంగా మానుతుంది.

ఒళ్ళు నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి వేసుకోవద్దు, పారాసిటమాల్ వేసుకోవచ్చు. కడుపు నొప్పి వస్తే ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర నొప్పి సూది వేయించుకుని పడుకోవద్దు. రంధ్రం పడిన కడుపుకు నొప్పి సూది పడితే లక్షణం మరుగున పడి, జబ్బు మాత్రం ముదురుతుంది. నేను చూసిన ఆలస్యాల్లో ఎక్కువ భాగం ఇలాంటివే.

ఈ కిందివి కనిపిస్తే ఎదురు చూడకుండా 108కి ఫోన్ చేయండి, లేదా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి:

- తగ్గకుండా పెరుగుతున్న నొప్పి, గట్టిపడిన పొట్ట, భుజం దాకా పాకే నొప్పి
- చలితో జ్వరం
- రక్తపు వాంతి, లేదా కాఫీ పొడి వంటి వాంతి
- రక్తపు గడ్డలతో ఎర్రని విరేచనం, లేదా తారులా జిగటగా, దుర్వాసనతో నల్లని విరేచనం
- నిలబడగానే కళ్ళు తిరగడం, చెమటలు, గుండె దడ
- మెడ, ఛాతీ చర్మం కింద ఉబ్బి, నొక్కితే కరకరమనడం

మొదటి విరేచనంలో కొద్దిగా ఎర్రని చార కనిపించడం మామూలే. పెద్దపేగులో 20 మి.మీ. దాటిన గడ్డలు తీసినవారిలో సుమారు నూటికి అయిదు నుంచి ఏడుగురికి తరువాత రక్తస్రావం అవుతుంది, అది రెండు వారాల వరకు ఎప్పుడైనా రావచ్చు. చాలావాటిని మళ్ళీ గొట్టం వేసి క్లిప్పుతో ఆపివేస్తారు. ఐరన్ మాత్ర వేసుకుంటే కూడా మలం నల్లబడుతుంది, కానీ అది గట్టిగా, కొంచెం పచ్చదనంతో ఉంటుంది, జిగట, ఆ ఘాటు వాసన ఉండవు. అనుమానం తీరకపోతే రక్తస్రావమనే అనుకుని బయలుదేరండి.

బయటి ఊళ్ళో చేయించుకుని వచ్చినవారు ఇంటికి చేరే ముందే, రాత్రివేళ ఎండోస్కోపీ, రక్తనిధి రెండూ ఉన్న దగ్గరి ఆసుపత్రి ఏదో తెలుసుకుని పెట్టుకోవాలి. ఏ పని చేశారు, ఎక్కడ చేశారు, ఎన్ని క్లిప్పులు వేశారు అన్నది డిశ్చార్జి కాగితంలో ఉండేలా చూసుకోండి. క్లిప్పులు ఉన్నంతకాలం ఎంఆర్ఐ తీయించుకోవలసి వస్తే ముందు చెప్పాలి. కొన్ని రకాల క్లిప్పులతో ఎంఆర్ఐ గదిలోకి వెళ్ళకూడదు.

10. రిపోర్టు తెచ్చి చదివించుకోండి

గడ్డ తీసేశారు కాబట్టి వ్యవహారం ముగిసిందనుకుని రిపోర్టు తెచ్చుకోని కుటుంబాలు ఉన్నాయి. ఈ మార్గంలో ఇంతకంటే పెద్ద పొరపాటు లేదు. మొదటి ముక్క పరీక్షలో “క్యాన్సర్ లేదు” అని వచ్చినా, మొత్తం గడ్డను పరీక్షించాక మాట మారవచ్చు. మొదటిసారి చూసింది గోరంత ముక్కను మాత్రమే. రిపోర్టు సాధారణంగా వారం పది రోజుల్లో వస్తుంది. తెచ్చాక ఈ అంశాలున్నాయో లేదో చూడండి.

పక్క అంచు, అంటే లాటరల్ మార్జిన్. అడుగు అంచు, అంటే డీప్ మార్జిన్. రెండింటికీ ఎదురుగా “ఫ్రీ” అని ఉంటే అంచుల్లో గడ్డ కణాలు లేవని అర్థం. పక్క అంచులో “ఇన్వాల్వ్డ్” అని ఉంటే చాలాసార్లు మళ్ళీ గొట్టంతోనే సరిచేయవచ్చు. అడుగు అంచులో ఉంటే సర్జరీ మాట వస్తుంది. ముక్కలుగా తీసినప్పుడు “అంచులు చెప్పలేం” అని రాస్తారు. అది ల్యాబు వారి తప్పు కాదు, ముక్కలను తిరిగి అతికించి చూడటం ఎవరి వల్లా కాదు.

“హై గ్రేడ్ డిస్‌ప్లేజియా” అంటే క్యాన్సర్‌కు ముందు మెట్టు. పూర్తిగా తీసివేస్తే అంతటితో సరి. క్యాన్సర్ ఉందని రాస్తే ఎంత లోతుకు దిగిందన్నది ముఖ్యం. అడుగు పొరలోకి జీర్ణాశయంలో 0.5 మి.మీ., పెద్దపేగులో 1 మి.మీ. దాటి దిగితే లింఫు గ్రంథులకు పాకే అవకాశం పెరుగుతుంది. కణాలు “పూర్లీ డిఫరెన్షియేటెడ్” (మామూలు కణాల పోలిక బాగా పోయిన) రకమా, “లింఫోవాస్కులర్ ఇన్వేజన్” (లింఫు నాళాల్లోకి, రక్తనాళాల్లోకి చొరబడటం) ఉందా, పెద్దపేగు గడ్డలో “ట్యూమర్ బడ్డింగ్” (గడ్డ అంచు నుంచి కణాలు చిన్న గుంపులుగా విడిపోవడం) ఎక్కువా అన్నవి కూడా చూస్తారు. వీటిలో ఏదైనా ఉంటే సర్జరీ సలహా ఇస్తారు. అలా ఇస్తే మొదటి చికిత్స విఫలమైందని వైద్యుని మీద కోపం పెంచుకోవద్దు. జబ్బు ఎంత లోతుందో కచ్చితంగా తెలిసింది ఆ ముక్క వల్లనే.

ఈ అంశాల్లో ఒకటి రెండు రాయకపోతే ల్యాబుకు వెళ్ళి అడగవచ్చు. రెండో అభిప్రాయం కావాలంటే మైనపు బ్లాకు, స్లైడ్లు అడిగి తీసుకుని పెద్ద కేంద్రానికి పంపించండి. కాగితం ఒక్కటే పంపితే వారు చెప్పగలిగేది ఏమీ ఉండదు.

11. మళ్ళీ పరీక్ష తేదీ రాసుకోండి

పెద్దపేగులో పెద్ద గడ్డను ముక్కలుగా తీసినవారు దాదాపు ఆరు నెలలకు మళ్ళీ కొలనోస్కోపీ చేయించుకోవాలి. అప్పుడు మచ్చ శుభ్రంగా ఉంటే ఆ తరువాత ఏడాదికి, అటుపైన మూడేళ్ళకు. ఒకే ముక్కగా, అంచులు శుభ్రంగా వచ్చినవారికి వ్యవధి ఎక్కువ ఉంటుంది, దాన్ని వైద్యుడు రిపోర్టు చూసి చెబుతారు. జీర్ణాశయంలో తొలిదశ క్యాన్సర్ తీసినవారికి మొదటి పరీక్ష మూడు నుంచి ఆరు నెలలకు, ఆ పైన ఏటా ఎండోస్కోపీ ఉంటుంది. మిగిలిన జీర్ణాశయంలో మరోచోట కొత్తది పుట్టవచ్చు. అన్నవాహికలో చుట్టుకొలతలో ముప్పాతిక దాటి తీస్తే అది ఇరుకు పడుతుంది. ముద్ద దిగడం కష్టమైతే తేదీ కోసం ఆగకుండా వెళ్ళండి, బెలూన్‌తో వెడల్పు చేస్తారు.

జీర్ణాశయపు గడ్డ తీసినవారు హెచ్. పైలోరీ బాక్టీరియాకు పరీక్ష చేయించుకుని, ఉంటే మందుల కోర్సు పూర్తి చేయాలి. పోయిందో లేదో చూసే శ్వాస పరీక్షను గానీ మల పరీక్షను గానీ యాంటీబయాటిక్స్ ముగిసిన నాలుగు వారాలకు, యాసిడ్ మాత్ర ఆపిన రెండు వారాలకు చేయించాలి. ఈ గడువు పాటించకపోతే బాక్టీరియా ఉన్నా లేదని వస్తుంది.

పెద్దపేగులో క్యాన్సర్ గానీ, పెద్ద అడినోమా (క్యాన్సర్‌గా మారే వీలున్న పాలిప్) గానీ తేలినవారి అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు, పిల్లలకు కూడా కొలనోస్కోపీ అవసరం. సాధారణంగా నలభయ్యవ ఏటగానీ, మీకు గడ్డ కనబడిన వయసుకు పదేళ్ళ ముందుగానీ, ఏది ముందైతే అప్పుడు మొదలుపెట్టమంటారు. కాబట్టి మీ రిపోర్టు నకళ్ళు తీసి వారికి ఒక్కొక్కటి ఇవ్వండి, వారి డాక్టరు మొదట అడిగేది ఆ కాగితమే.